పోపు దగ్గు లెక్కలోకి రాదు

“తగ్గిందా?” అని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎంత నుంచి ఎంతకు తగ్గిందా అని? నిన్నటితో పోలిస్తేనా, పోయిన వారంతో పోలిస్తేనా? అడిగేవాళ్లకు ఆ వివరం అక్కర్లేదు. వాళ్లకు కావలసింది ఒక ‘ఆఁ’. అది చెవిన పడగానే వాళ్ల బాధ్యత తీరిపోతుంది. ఈ కోపంలో సగం నా మీదే. ఎందుకో వరసగా చెబుతాను.

మధురానగర్‌లో ఒక మగవాళ్ల హాస్టల్‌లో నాలుగేళ్లు ఉన్నాను. ఎలక్ట్రానిక్స్‌లో బీటెక్ అయ్యాక అమీర్‌పేటలో ఆరు నెలలు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుని, పంజాగుట్టలో ఒక చిన్న కంపెనీలో చేరాను. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. తప్పు ఎప్పుడు వచ్చింది, ఎన్నిసార్లు వచ్చింది, అదే పని మళ్లీ చేస్తే మళ్లీ వస్తుందా, ఇవన్నీ రాసిపెట్టాలి. ఆ పని నాకు చేతనైన పని. ఇంటికి వచ్చినా ఆగేది కాదు. సబ్బు ఎన్ని రోజులు వస్తుందో, లిఫ్టు లేని ఆ బిల్డింగ్‌లో వారానికి ఎన్నిసార్లు నీళ్లు ఆగిపోతాయో నా ఫోన్‌లో ఉండేది.

నా గది కింది అంతస్తులో, వంటగదికి ఆనుకుని ఉండేది. పొద్దున అయిదింటికే గిన్నెల చప్పుడు, ఆపైన ఘాటు. అందుకే ఆ గది ఎవరూ కోరి తీసుకునేవాళ్లు కాదు. మధ్య గోడలో పైన ఒక వెంటిలేటర్. వంటగదిలో చెంచా పడినా నాకు వినిపించేది.

వంట చేసే అక్కది పాలమూరు వైపు ఊరు. నలభై అయిదేళ్లుంటాయి. బోరబండ నుంచి మొదటి బస్సుకు వచ్చేది. నలభై ఇద్దరికి మూడు పూటలా ఒక్కతే వండేది. ఎవరి మీదా ప్రేమ ఒలకబోసే మనిషి కాదు. కంచంలో చేయి కడిగితే అందరి ముందే అడిగేది: “మీ ఇంట్ల సుత గిట్లనే కడుగుతవా? మీ అమ్మ ఏమంటలేదా?” కడిగినవాడు మళ్లీ కడిగేవాడు కాదు. నన్ను ‘తమ్మీ’ అనేది. నా ఫోన్‌లోని లెక్కలు చూసి, “నీకు పెండ్లయితే ఆ పిల్ల పరేషాన్ అయితది” అనేది.

ఆ సంవత్సరం వానలకు హాస్టల్‌లో అందరికీ జలుబు పట్టింది. వారం, పది రోజుల్లో అందరికీ పోయింది. అక్కకు దగ్గు మిగిలింది. మొదట పొడిగా వచ్చేది. తర్వాత లోపలి నుంచి ఏదో ఊడిరావాలని చూస్తున్నట్టు వచ్చేది. హాస్టల్ వాట్సాప్ గ్రూపులో ముక్కు మూసుకున్న బొమ్మలు మొదలయ్యాయి. ఒకడు ‘ఈ రోజు స్పెషల్: దగ్గు పప్పు’ అని రాశాడు. పదకొండు మంది నవ్వారు. ఆ పదకొండు మందిలో నలుగురు ఆమె చేత విడిగా చపాతీలు చేయించుకు తినేవాళ్లు. నాకు గుర్తుంది.

హాస్టల్ ఓనర్‌ది గుంటూరు వైపు. ఆయనకు మూడు హాస్టళ్లు. మా దగ్గరికి శనివారం శనివారం వచ్చేవాడు. ఆ శనివారం భోజనాల హాల్లో నిలబడే విషయం తేల్చేశాడు.

“ఏంటమ్మా ఈ దగ్గు? పిల్లలు కంప్లెయింట్లు పెడుతున్నారు. పది రోజులు చూస్తాను. తగ్గకపోతే వేరే మనిషిని పెట్టుకోవాలి. తర్వాత నన్నేమీ అనుకోవద్దు.”

“తగ్గుతది సార్. వానకు వట్టింది,” అంది అక్క.

నేను అన్నం తింటున్నాను. ఊరుకుంటే పోయేది. ఊరుకోలేదు.

“తగ్గిందని ఎట్ల తెలుస్తది సార్?”

“వింటే తెలీదా బాబూ?”

“ఎవరు విన్నరు, ఎప్పుడు విన్నరు, అది చూడాలె కద. ఒకరు రెండుసార్లు వింటరు, ఒకరు ఇరవైసార్లు వింటరు. కొలిస్తే తెలుస్తది.”

ఆయన నవ్వాడు. “మీరు ఇంజినీర్లు. కొలవండి. తగ్గినట్టు కాగితం చూపించండి, నాకది చాలు.”

గెలిచాననుకున్నాను. నిజానికి ఆయన తనకేం కావాలో ఉన్నదున్నట్టే చెప్పాడు. తగ్గినట్టు కాగితం. వినాల్సిన మాట అదే. అది వదిలేసి, కొలవమన్నాడన్న ముక్క పట్టుకుని గదిలోకి పరిగెత్తాను.

దగ్గును ఎలా కొలుస్తారో చదివాను. గంటకు ఎన్నిసార్లు అని లెక్కపెడతారు. రోగిని సున్నా నుంచి పది వరకు ఒక అంకె చెప్పమంటారు. పొడి దగ్గా, తెమడ వస్తోందా అని రాస్తారు. ఒక్క రోజు అంకెకు అర్థం లేదు, రోజులు గడిచేకొద్దీ గీత ఎటు పోతోందన్నదే ముఖ్యం. ఇంతవరకు నేను చదివింది తప్పు కాదు. దాన్ని పట్టుకుని నియమాలు రాసుకున్నాను:

ఒకటి, పొద్దున ఆరున్నర నుంచి ఏడున్నర, సాయంత్రం ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర. నేను గదిలో ఉండే గంటలు అవి.

రెండు, వరసగా ఆరు దగ్గులు వస్తే ఆరుగానే లెక్క.

మూడు, పని ముగిశాక ఆ రోజు దగ్గుకు అక్క తన అంకె తను చెప్పాలి.

నాలుగు, పొడా, తెమడా.

అయిదు, పోపు పెట్టిన తర్వాత పది నిమిషాల దగ్గులు లెక్కలోకి రావు.

అయిదో నియమం నా సొంతం. ఎండుమిరపకాయ నూనెలో పడితే కింది అంతస్తు మొత్తం దగ్గుతుంది. నేనూ దగ్గుతాను. అది జబ్బు కాదు, ఘాటు. దాన్ని కలిపితే అక్కకు అన్యాయం జరుగుతుంది. కాబట్టి తీసేశాను. ఆ నియమం రాసినప్పుడు నాకు నా మీద ఎంత గర్వం కలిగిందో తలచుకుంటే ఇప్పుడు తల గోడకు కొట్టుకోవాలనిపిస్తుంది.

అమీర్‌పేట మెట్రో మెట్ల కింద వేలికి తొడుక్కునే చిన్న లెక్కపెట్టే యంత్రాలు అమ్ముతారు. జపం చేసేవాళ్లు కొంటారు, నమాజు తర్వాత తస్బీ తిప్పేవాళ్లూ కొంటారు. నేను దగ్గు కోసం ఒకటి కొన్నాను. కాగితం మీద గళ్లు గీసి వంటగది తలుపుకు, గ్యాస్ కంపెనీ క్యాలెండర్ పక్కన అంటించాను. అక్కకు అక్షరాలు అంతగా రావు, అంకెలు వస్తాయి. ఒక్కో నియమం విడమరిచి చెప్పాను.

“అంటే పోపు వెట్టినంక పది నిమిషాలు ఎంత దగ్గినా నువ్వు రాయవు?” అని అడిగింది.

“రాయనక్కా.”

“మంచిగుంది,” అంది.

మొదటి రోజు పొద్దున నలభై మూడు, సాయంత్రం ముప్పై తొమ్మిది. తన అంకె ఏడు. మూడో రోజుకు ముప్పై అయిదు. అయిదో రోజుకు ఇరవై ఎనిమిది. పదో రోజు పొద్దున పన్నెండు, సాయంత్రం తొమ్మిది. “ఇయ్యాల్టికి ఎంత అక్కా?” అంటే, కాగితం వైపు ఒకసారి చూసి, “రెండేస్కో” అంది. గీత కిందికి దిగుతుంటే నాకు ఆఫీసులో కూడా హుషారుగా ఉండేది. రోజూ ఆ గీతను ఆమెకు చూపించేవాణ్ణి. చూపించినప్పుడల్లా మర్నాడు అంకె ఇంకొంచెం తగ్గేది. ఆ రెంటికీ సంబంధం ఉండొచ్చని ఒక టెస్టర్‌కు తట్టలేదు.

ఓనర్ వచ్చి కాగితాన్ని ఫోటో తీశాడు. గ్రూపులో పెట్టాడు. ‘మన వంటమనిషి ఆరోగ్యం పూర్తిగా మెరుగుపడింది. రిపోర్ట్ చూడగలరు’ అని కింద రాశాడు. గళ్లు గీసిన కాగితం రిపోర్ట్ అయిపోయింది. ఆ రోజు నేను అభ్యంతరం చెప్పలేదు. నచ్చింది కూడా.

ఈలోపు సందు చివరి క్లినిక్‌కు మూడుసార్లు తీసుకెళ్లాను. అక్కడి డాక్టర్ సాయంత్రం ఆరు నుంచి చూస్తాడు. లోపలికి పిలిచి, తల ఎత్తకుండానే అడిగేవాడు.

“ఎలా ఉందమ్మా, తగ్గిందా?”

“జర తగ్గింది సార్. మీ చెయ్యి మంచిది.”

రెండోసారి బయటికి వచ్చాక నాకు ఓపిక పోయింది. “నిన్న రాత్రి ఇంట్ల సుత దగ్గిన్నని నువ్వే చెప్పినవ్ కద. తగ్గిందని ఎందుకన్నవ్?”

“మొఖం మీద తగ్గలేదంటే ఆయన హస్తవాసి మంచిగ లేదన్నట్టు గాదా తమ్మీ. గంత పెద్ద చదువు చదివిండు. బాధపడడా?”

అదీ మన దగ్గర వైద్యం నడిచే పద్ధతి. రోగికి డాక్టర్ మనసు నొప్పించకూడదన్న బెంగ. డాక్టర్‌కు మాత్రం ఆమె వీపు మీద స్టెతస్కోప్ పెట్టి రెండు శ్వాసలు వినాలన్న బెంగ లేదు. ఇలా కాదని మూడోసారి నేనే లోపలికి వెళ్లి ఫోన్‌లో గీత చూపించాను. నోటి మాట నమ్మొద్దు, అంకెలు చూడండి అన్నట్టు. ఆయన చూసి, “గుడ్. బాగా దిగుతోంది. ఇదే కంటిన్యూ చేయండి,” అని ఇంకో సిరప్ రాశాడు. ఆమె అబద్ధాన్ని ఆపడానికి వెళ్లి, అంతకంటే పెద్ద అబద్ధాన్ని ఆయన చేతిలో పెట్టి వచ్చాను.

ఒక్క మనిషి సరైన మాట అన్నాడు. మెడికల్ షాపు భాయ్. మూడో సీసా కౌంటర్ మీద పెట్టి, దాని మీద నుంచి చెయ్యి తీయలేదు.

“ఎన్ని దినాలాయె బాబు?”

“మూడు వారాలు దాటింది భాయ్.”

“మూడు వారాలకు మూడు సీసాలు. గిది తాగుతె దగ్గు నిద్రవోతది, బీమారి నిద్రవోదు. బల్గం టెస్ట్ చేయించిన్రా?”

“బల్గమంటే?”

“తెమడ. డబ్బీల ఉమ్మి ఇస్తరు చూడు. గది చేయించు ముందుగాల.”

నేను ఆయనకు కూడా గీత చూపించాను. “తగ్గుతుంది భాయ్, చూడు.” ఆయన చూడలేదు. “నేను ఫోన్‌కు దవా అమ్ముతలేను,” అని సీసా సంచిలో వేశాడు. చదువు లేని మనిషి, అంకెలు అర్థం కావులే అనుకుని వచ్చేశాను. నా జీవితంలో నేను అనుకున్న మాటల్లో నాకు అసహ్యం కలిగేవి కొన్ని ఉన్నాయి. ఇది అందులో మొదటిది.

నాలుగో వారం దాటింది. ఈ మధ్యలో గ్రూపులో కొత్త ఫిర్యాదు మొదలైంది. కూరల్లో కారం ఎక్కువైందని, ఘాటుకు హాల్లో కూర్చోలేకపోతున్నామని. పప్పుకు పోపు, చారుకు పోపు, పచ్చడికి మళ్లీ పోపు. నేను వాటిని కూడా రాసుకున్నాను. ‘పోపు: 1’, ‘పోపు: 3’, ‘పోపు: 4’ అని పక్కన ఒక గడి ఉండేది. రాసుకున్నాను గానీ చూడలేదు.

ఆ తర్వాతి బుధవారం ఆఫీసులో వైరింగ్ పనులున్నాయని మధ్యాహ్నానికే పంపేశారు. హాస్టల్‌కు వచ్చి, ఆరేసిన బట్టలు తెచ్చుకుందామని డాబా మీదికి వెళ్లాను. నీళ్ల ట్యాంకు వెనక నుంచి శబ్దం వస్తోంది. తడి బట్టను రాతికేసి కొడుతున్నట్టుంది. వెళ్లి చూస్తే అక్క. ఒక చేత్తో పైపు పట్టుకుని, చీర కొంగు ఉండ చుట్టి నోట్లో పెట్టుకుని దగ్గుతోంది. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. నన్ను చూసి చెయ్యెత్తి ఆగమంది. చాలాసేపు ఆగాల్సి వచ్చింది.

ఊపిరి అందాక మొట్టమొదట అన్న మాట ఇది:

“గిది నీ టైముల లేదు తమ్మీ. రాయకు.”

“రోజూ ఇక్కడికి వస్తున్నవా?”

“రోజు గాదు.” కొంగు దులిపి భుజాన వేసుకుంది. “దినానికి నాలుగైదు సార్లు.”

కింద నుంచి డాబాకు యాభై నాలుగు మెట్లు. తర్వాత లెక్కపెట్టాను, నాకు వేరే ఏం వచ్చు గనక. దగ్గడం కోసం ఆ ఊపిరితిత్తులతో యాభై నాలుగు మెట్లు ఎక్కి, దగ్గి, మళ్లీ దిగి చపాతీలు ఒత్తేది.

“మరి నేను లెక్కవెట్టే గంటల ఎట్ల ఆపుతున్నవ్?”

“లవంగం బుగ్గన వెట్టుకుంట. గప్పుడు సుత ఆగకుంటే పోపేస్త.”

“పోపేస్తే?”

ఆమె నన్ను తెలివి లేనివాణ్ణి చూసినట్టు చూసింది. “నువ్వే చెప్తివి గద. పోపు దగ్గు లెక్కలకు రాదని. నాలుగు మిరపకాయలు ఎక్కువ ఏస్తే అందరు దగ్గుతరు. అండ్లనే నాది సుత అయిపోతది.”

నాకు వెంటనే కోపమొచ్చింది, ఆమె మీదే. “నీ పానం బాగు కోసం కొలుస్తుంటే నువ్వు అబద్ధం లెక్క రాయిస్తవా?” అన్నాను. గొంతు పెద్దదైంది.

“పానం బాగు కోసమా?” అంది అక్క. “ఆ సార్ కాయితం కిందికి దిగాలన్నడు. దిగకుంటే నా నౌకరి వోతది. నువ్వు దినాం వచ్చి, దిగింది అక్కా దిగింది అక్కా అని నవ్వుతివి. నేను దించిన. ఇప్పుడు నన్ను తిడుతున్నవ్.”

ఆరేసిన బట్టలు తీసుకోకుండానే కిందికి దిగాను.

గదిలోకి వెళ్లి పాత కాగితాలన్నీ ముందు పెట్టుకున్నాను. ఆఖరి వారం నా గంటలో నాలుగుసార్లు పోపు. ఒక్కోదానికి పది నిమిషాలు. అరవైలో నలభై నిమిషాలు నా చేత్తో నేనే కొట్టేసి, మిగిలిన ఇరవై నిమిషాల్లో తొమ్మిది దగ్గులని, గంటకు తొమ్మిది అని రాసి సంబరపడ్డాను. ఆఫీసులో కొత్తగా చేరిన పిల్ల ఇలాంటి రిపోర్ట్ ఇస్తే నేను వెనక్కి కొట్టేవాణ్ణి. తప్పు ఎక్కడ దాగుతుందంటే మనం చూడం అని రాసిపెట్టిన చోటే దాగుతుంది. ఇది నేను ఇతరులకు పాఠం చెప్పే విషయం.

మర్నాడు సెలవు పెట్టి ఆమెను పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్లాను. పంజాగుట్ట చౌరస్తాలో ఆటో ఇరవై నిమిషాలు కదల్లేదు. ఫ్లైఓవర్ నీడలో హారన్ల మధ్య ఆమె దగ్గుతుంటే ఆటో అతను అద్దంలో చూసి, ముక్కుకు రుమాలు కట్టుకున్నాడు. అతని మీద కూడా కోపమొచ్చింది. నిజానికి మేమందరం నెల రోజుల కిందటే చేయాల్సిన పని అతనొక్కడే చేశాడు.

అక్కడ చూసిన డాక్టరమ్మ నెమ్మదిగా మాట్లాడింది.

“దగ్గు ఎన్నాళ్ల నుంచి?”

“అయిదు వారాల మూడు రోజులు మేడమ్. రోజువారీ డేటా ఉంది,” అని ఫోన్ తీశాను.

ఆమె గీత వైపు రెండు క్షణాలు చూసింది. “బరువు ఎంత తగ్గింది?”

ఆ గడి నా కాగితంలో లేదు.

“సాయంత్రం పూట జ్వరం వస్తోందా? ఆకలి ఉందా? తెమడలో రక్తం ఏమైనా?”

నా దగ్గర ‘పొడి’, ‘తెమడ’ అని మాత్రమే ఉంది. అక్క నేల వైపు చూస్తూ అంది: “రెండుసార్లు వడ్డది మేడమ్. జ్వరం దినాం ఉంటది. రవికెలకు పిన్నులు వెట్టుకుంటున్న.”

నేను గోడకు అవతల పడుకుని, మూడు వారాలకు పైగా ఆమె దగ్గులో ఒక్కొక్కదానికి ఒక్కో నొక్కు నొక్కాను. రవికె వదులైందన్న సంగతి నాకు తెలియదు. చారు పోయడానికి రోజూ నా ముందు నిలబడే మనిషి.

“మీరేం చదివారు?” అని అడిగింది డాక్టరమ్మ.

“బీటెక్ మేడమ్.”

“శ్రద్ధగానే రాశారు. రెండు వారాలు దాటిన రోజే తెచ్చి ఉంటే ఇదంతా రాయాల్సిన పని ఉండేది కాదు.”

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. ఎక్స్‌రే తీయించింది, తెమడ పరీక్షకు పంపింది. టీబీ అని తేలింది. ఆరు నెలల మందులు. నయమయ్యే జబ్బే, మందులు ఒక్కరోజు కూడా మానొద్దు, హాస్టల్‌లో ఎవరికైనా దగ్గు ఉంటే వాళ్లూ పరీక్ష చేయించుకోవాలి అని చెప్పింది.

ఓనర్‌కు ఫోన్ చేశాను. “అయ్యో పాపం,” అన్నాడు. ఆ తర్వాత ఒక్క ఊపిరి గ్యాప్ కూడా లేదు. “ఆమె సామాను గేటు దగ్గర పెట్టిస్తాను. లోపలికి మాత్రం రావద్దని చెప్పండి బాబూ. ఇంకోటి, పిల్లలకేమీ చెప్పొద్దు, అడ్మిషన్ల టైము.” సాయంత్రానికి గ్రూపులో ‘వంటమనిషి సొంత ఊరికి వెళ్లినందున’ అని వచ్చింది. నేను దాని కిందే ఉన్నది ఉన్నట్టు రాశాను. ఆమెకు టీబీ అని, నా కాగితం తప్పు అని, తప్పు పూర్తిగా నాదని, దగ్గు ఉన్నవాళ్లు పరీక్ష చేయించుకోవాలని. ఆమె పేరున అలా రాసేముందు ఆమెను అడగాలన్న ఆలోచన కూడా రాలేదు. నాలుగు నిమిషాల్లో ఓనర్ నన్ను గ్రూపు నుంచి తీసేశాడు. అబద్ధపు రిపోర్ట్‌ను మాత్రం తీయలేదు. అది ఇంకా అక్కడే ఉందని తర్వాత ఒకరు చెప్పారు.

మూడు అంతస్తులూ తిరిగి తలుపులు కొట్టాను. ఒకడు తలుపు సగమే తెరిచి, “నువ్వే గద భాయ్ సర్టిఫికెట్ ఇచ్చినవ్. ఇప్పుడొచ్చి టెస్టంటవేంది?” అన్నాడు. దగ్గు పప్పు అని రాసింది వాడే. ఆ రోజు న్యాయం వాడి వైపే ఉంది, అది ఇంకా మండించింది. చివరికి నాతో కలిపి ఆరుగురం వెళ్లాం. ఎవరికీ ఏమీ లేదు.

రెండు నెలలకు అక్క తెమడ పరీక్షలో టీబీ క్రిములు లేవని వచ్చింది. బరువు పెరిగింది. మందులు కొనసాగిస్తూ పనికి పోవచ్చని, ఆమె వల్ల ఎవరికీ అంటుకోదని డాక్టరమ్మ ముద్ర వేసి రాసిచ్చింది. ఆ శనివారం అది పట్టుకుని ఓనర్ దగ్గరికి వెళ్లాను. అక్క గేటు బయట నిలబడింది, లోపలికి రానంది.

ఆయన ఉత్తరం రెండుసార్లు చదివాడు. “మంచిదే బాబూ. నేను నమ్ముతాను. పిల్లలు నమ్మరు కదా.”

“నా కాయితం గ్రూపుల వెట్టిన్రు కద సార్. గిది సుత పెట్టుండ్రి.”

“అది వేరు, ఇది వేరు.”

“ఎట్ల వేరు?”

“మీకు తెలీదా బాబూ,” అన్నాడు.

తెలుసు. దాని మీద ముద్ర లేదు, సంతకం లేదు, నిజం లేదు, పెట్టాడు. దీని మీద మూడూ ఉన్నాయి, పెట్టడు. అరిచాను. హాల్లో తింటున్నవాళ్లు తలలెత్తి చూసి మళ్లీ దించుకున్నారు. కొత్త వంటమనిషి గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి చూసి వెళ్లిపోయాడు. ఆ నెలాఖరుకు నేను గది ఖాళీ చేశాను. ఓనర్‌కు పోయిందేమీ లేదు, మర్నాడే ఇంకొకరు దిగారు.

ఆ రోజు బయటికి వచ్చాక అక్క అడిగింది: “ఏమన్నడు?”

“పెట్టుకోనన్నడు.”

“గదొక్క మాటకు గంత లొల్లి ఎందుకు వెట్టినవ్? బజార్ల నడిచేటోళ్లు సుత ఆగి చూస్తున్నరు,” అని నడిచింది.

తర్వాత ఆమె రెండు హాస్టళ్లలో అడిగింది. మా ఓనర్‌కు అందరూ తెలుసు. రెండు చోట్లా ముందే కబురు ఉంది.

నెల రోజులకు నాకు ఆఫీసులో ఒక ఫోన్ వచ్చింది. కృష్ణానగర్ నుంచి, షూటింగ్‌లకు భోజనాలు పంపే మనిషి. ఆమె వంట తిన్నవాడిగా నా నంబర్ ఇచ్చిందట. మెట్ల మీదికి వచ్చి మాట్లాడాను.

“అన్నా, గీ అక్క ఎట్ల? మనిషి మంచిదేనా?”

“నాలుగేండ్లు తిన్న ఆమె చేతి వంట. మంచిగ వండుతది.”

“గది నేను సుత తిని చూసిన. దగ్గు గిట్ల ఏమన్న ఉన్నదా? ఎవరో అన్నరు.”

పూర్తి జవాబు నా దగ్గర ఉంది. ఏ జబ్బు, ఎప్పుడు తేలింది, ఎన్ని మందులు, ఎప్పుడు పరీక్షలో ఏమీ రాలేదు, ఇంకా ఎన్ని నెలలు మింగాలి. అన్నీ నిజాలే, వరసలోనే చెప్పగలను. అందులో మొదటి మాట విని ఆయన ఫోన్ పెట్టేస్తాడని కూడా నాకు తెలుసు. భగ్గున కోపం వచ్చింది, ఆయన మీద, నా నోటిదాకా వచ్చిన ఆ వరస మీద.

“దగ్గు లేదన్నా,” అన్నాను. “ఆమెతోని ఎవ్వరికేం గాదు. పరీక్షలు అయినయి, డాక్టర్ రాసిచ్చిన కాయితం ఉంది. చూస్తనంటే పంపిస్త.”

“కాయితాలు నేనేం జేసుకుంటన్నా. ఎల్లుండి పొద్దుగాల నాలుగున్నరకు రమ్మను. ఎనభై మందికి టిఫిన్.”

అవి ఏం పరీక్షలని ఆయన అడగలేదు. అడిగి ఉంటే కోపమొచ్చేది, అడగనందుకూ కోపమొచ్చింది. వెంటనే అక్కకు ఫోన్ చేశాను. ఎల్లుండి నుంచి పని ఉందని, ఏ టైముకు రమ్మన్నాడో, ఎంతమందికో చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను.

“ఎనభై మందికా. పొయ్యిలెన్ని?”

“అడగలే అక్కా.”

“పెద్దయా, చిన్నయా?”

“తెల్వదు.”

“ఇంకో మనిషి ఉంటదా, నేనొక్కదాన్నేనా?”

“గదీ అడగలే.”

“నాలుగున్నరకంటే బోరబండల బస్సు ఉండది. గది సుత అడగలేదా?”

“లేదు.”

“మరి ఫోన్ల ఏం మాట్లాడినవ్ తమ్మీ? ఆయన నంబర్ పంపు. నేనే అడుగుత.”